వీపు పెట్టి నిలబడే మామ

మాచర్ల దగ్గర సున్నపురాయి క్వారీలో నేను డంపర్ నడిపే రోజుల్లో, బండ్లకు వైరింగ్ చేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. అందరం మామా అనేవాళ్ళం. రివర్సు గేరు పడగానే వెనక హారన్ మోగేలా గేరుబాక్సు నుంచి వైరు లాగేవాడు. పనయ్యాక బండి వెనక్కి వెళ్ళి, దానికి వీపు పెట్టి నిలబడి, "రానియ్యి అల్లుడూ" అని కేకేసేవాడు. హారన్ వినపడితేనే పక్కకు జరిగేవాడు.

"తిరిగి చూసుకోవచ్చుగా మామా?" అన్నానొకసారి.

"రాళ్ళు కొట్టేవాళ్ళు తిరిగి చూస్తార్రా? మీ అత్త చూసిందా?"

ఆయన భార్య అదే క్వారీలో, హారన్ లేని టిప్పర్ వెనక్కొస్తుంటే దాని కింద పడి చనిపోయింది.

ఒక ఎండాకాలం నా బండికి కొత్త హారన్ బిగించి, ఎప్పటిలాగే నిలబడ్డాడు. రివర్సు వేశాను. ఆ మోతకు రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు సుత్తులు ఆపి చూశారు. మామ మాత్రం కదల్లేదు. అద్దంలో చూసి బ్రేకు తొక్కితే, ఆయన వీపుకు జానెడు దూరంలో బండి ఆగి, ఇంజిను ఆగిపోయింది. గేరు తియ్యకుండానే పరిగెత్తి భుజం మీద చెయ్యేశాను. ఉలిక్కిపడి తిరిగాడు.

"ఏందిరా, మోగలా?"

హారన్ ఇంకా మోగుతూనే ఉంది. మామ బండి కిందికి దూరి, బాగున్న వైరే మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు.