కదల్లేనివాళ్లతో మాట్లాడిన సిస్టర్

మా ఆస్పత్రిలో పెద్ద నర్సు, మా పెద్ద సిస్టర్ పోయారు. మొన్న ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. నేను డ్యూటీలో ఉన్నాను. ఏడవడానికి కుదరలేదు. కుదిరాక ఆగలేదు.

ఏలూరులో ఐసీయూ పని నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. వెంటిలేటర్ మీదున్నవాళ్లకు ఒక్కోసారి కండరాలు కదలకుండా చేసే మందు ఇస్తాం. ఆ సీసాలను ఫ్రిజ్‌లో మిగతా మందులతో కలవనిచ్చేవారు కాదు. ఎర్రమూత డబ్బాలో విడిగా పెట్టించేవారు. ఇచ్చేముందు ఇద్దరు సీసా మీద పేరు పైకి చదవాల్సిందే, డాక్టరుగారు తొందరపెట్టినా సరే. "ఈ మందు ఒళ్లు కట్టేస్తుందమ్మా, నిద్ర పుట్టించదు. నిద్రమందు వేరే వెళ్తోందో లేదో చూసుకోవాలి" అనేవారు. రెప్ప కూడా వేయలేని వాళ్లకు కళ్లలో ఆయింట్‌మెంట్ పెడుతూ, ఏం చేస్తున్నారో వాళ్లకే చెప్పేవారు. గోడతో మాట్లాడుతున్నట్టుందని నేనోసారి అన్నాను. ఆవిడకు వినపడింది. రెండో కంట్లోనూ చెప్పే పెట్టారు.

కైకలూరు వైపు చేపల చెరువు రైతు ఒకాయన న్యుమోనియాతో వచ్చారు. ఆ మందిచ్చి, స్కానింగ్‌కి తీసుకెళ్లి తెచ్చాం. మంచం మార్చేటప్పుడు ఆపిన నిద్రమందు పంపును మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయాను. ఆయన కదలకుండా ఉంటే హాయిగా నిద్రపోతున్నారనుకుని చార్టు రాసుకుంటున్నాను. పెద్ద సిస్టర్ వచ్చి మానిటర్‌లో గుండె వేగం పెరిగిపోవడం చూశారు. ఆయన కంటి కొసన నీళ్లు చూశారు. పంపు ఆన్ చేసి, డాక్టరుగారికి కబురంపి, ఆయన్ని పేరు పెట్టి పిలిచి చెవి దగ్గర వంగారు.

"మీకన్నీ తెలుస్తున్నాయని నాకు తెలుసండీ. మందు వల్ల కదల్లేకపోతున్నారు. ఇప్పుడే నిద్ర పడుతుంది. నేనిక్కడే ఉంటానండీ."

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. జరిగింది డాక్టరుగారికి నాచేతే చెప్పించారు, రికార్డులో నాచేతే రాయించారు. ఆయన కోలుకున్నాక, "ఆయనకీ నువ్వే చెప్పాలమ్మా. అది కలో నిజమో తెలీక జీవితాంతం బాధపడకూడదు" అన్నారు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం కన్నా ఆయన ముఖం చూడాలన్న భయమే ఎక్కువైంది. ఆ రోజు ఆవిడ నా వెంట రాకపోతే నేను ఈ వృత్తిలో ఉండేదాన్ని కాదు.

పంపు సంగతి ఆయనకు చెప్పాను. ఆయన నావైపు తల తిప్పారు.

"చచ్చిపోయాననుకున్నానండీ. మీరు పక్కనే కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినపడతానే ఉంది. ఆవిడ పేరెట్టి పిలిచాక తెలిసింది, బతికున్నానని."

నేను తల దించుకుని ఏడుస్తున్నాను. ఆయన నావైపు చెయ్యి ఎత్తబోయారు, ఇంకా బలం చాల్లేదు. పెద్ద సిస్టర్ ఆ చేతి కింద తన చెయ్యి పెట్టి, మెల్లగా నా తల దాకా ఎత్తారు.