వార్చిన నీళ్ళు

ఇరవై రెండేళ్ళుగా పాలిటెక్నిక్ కాలేజీలో విద్యార్థులకు కొలతల పాఠం చెబుతున్నాను. ఏ పరికరం ఎంత తప్పు చూపగలదో చెప్పగలను గాని, గిద్దెడు బియ్యానికి ఎసరు ఎంత పెట్టాలో నలభై తొమ్మిదో ఏడు వచ్చే వరకూ నాకు తెలియదు. తెలియవలసిన అవసరం రాలేదు. అమలాపురంలో ఉద్యోగంలో చేరిన నెల నుంచీ రెండు పూటలా పక్కింటి పిన్నిగారు పంపే క్యారేజీయే నా భోజనం. ఆవిడ నాకు చుట్టం కాదు. వీధి మొత్తానికి పిన్నిగారు.

నిరుడు వానలు వెనకపట్టేసరికి నా మూత్రపిండాలు సగానికి పైగా దెబ్బతిన్నాయని పరీక్షల్లో తేలింది. డాక్టరుగారు ఒక కాగితం మీద పథ్యం రాసి ఇచ్చారు. ఉప్పు రోజుకు అర చెంచా. చారూ మజ్జిగలతో కలిపి నీళ్ళు ఒక లీటరు. పొటాషియం ఎక్కువ కాబట్టి కంద, అరటికాయ, ఆకుకూరలు, కొబ్బరినీళ్ళు వద్దు. తినదగిన కూరలను కూడా చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంపేశాకే వండాలి. ఆరు వారాల తరవాత రక్తం చూస్తామనీ, పొటాషియం అదుపులోకి రాకపోతే డయాలసిస్ తప్పకపోవచ్చుననీ చెప్పారు. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని ఉద్యోగం చేయలేనని ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే నాకు అర్థమైంది.

క్యారేజీ మానేస్తున్నానని చెబితే పిన్నిగారి ముఖం చిన్నబోయింది.

"నా వంట తినే జబ్బు చేసిందంటారాండీ?"

"కాదండీ. ఉప్పు తూచి వేయాలట."

"ఉప్పు తూస్తారా! బంగారవేంటండీ?" అని, కొంచెం ఆగి, "టీచరుగారండీ, మీకసలు పొయ్యి వెలిగించడం వచ్చా?" అన్నారు.

సిగ్గుపడే ఓపిక కూడా లేక, రాదని ఒప్పుకున్నాను. మర్నాడు ఆవిడే వచ్చి కడిగిన బియ్యం మీద వేలు ఆనించి, మొదటి కణుపు దాకా నీళ్ళు పోయమన్నారు.

"గిన్నె వెడల్పు మారితే ఈ లెక్క మారిపోదా అండీ?"

"అయితే గిన్నె మార్చకండి."

నేను గిన్నె మార్చలేదు.

మొదటి రోజు ఆనపకాయ చెక్కు తీయడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అందులో ఏడు నిమిషాలు స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించినవి. పాదాలు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. ముక్కలు ఉడికే లోపల నిద్ర పట్టి, రెండుసార్లు గిన్నె మాడింది. ఇంత చేసి కంచం ముందు కూర్చుంటే, ఉడికిన గుడ్డ నమిలినట్టుండేది.

రెండో వారంలో, నేను ముక్కలు ఉడికిన నీళ్ళు సింకులో వంపడం పిన్నిగారు చూశారు.

"అయ్యయ్యో, సారవంతా పారబోసేస్తున్నారేంటండీ! కాసిని మిరియాలు దంచి చారు పెట్టుకోండి. నోటికి కాస్త రుచన్నా తగుల్తుంది."

వంపిన నీళ్ళు ఎక్కడికి పోవాలో కాగితం మీద రాసి లేదు. చారు పెట్టాను. తిన్నది తిండి అనిపించినది ఆ రోజే. అప్పటి నుంచి రోజూ నూట యాభై మిల్లీలీటర్లు కొలిచి తాగి, దాన్ని లీటరు లెక్కలో కలుపుకున్నాను. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

ఆరు వారాల తరవాత పొటాషియం తగ్గకపోగా, కొంచెం పెరిగింది. డాక్టరుగారు నేను రోజూ తిండి లెక్కలు రాసుకునే నోటుపుస్తకంలో పేజీలన్నీ ఓపికగా తిప్పారు.

"ఉడికించిన నీళ్ళేం చేస్తున్నారు?"

"చారు పెట్టుకుంటున్నానండీ."

ఆయన కలం కింద పెట్టారు. "మీరు కాలేజీలో చెప్పేది కొలతలే కదండీ?" అని, మందు మార్చి, ఇంకో మూడు వారాలు గడువిచ్చారు.

ఆటో దిగేసరికి పిన్నిగారు గేటు దగ్గర కొబ్బరిబోండాం కొట్టించి పట్టుకుని నిలబడ్డారు. తాగకూడదని చెప్పి, చారు సంగతీ చెప్పాను. ఆవిడ అరుగు మీద కూలబడ్డారు.

"అంటే సారవే మీకు విషవన్నమాట. నేనే కదండీ చారు పెట్టుకోమన్నాను."

"మీకు తెలియదండీ. నాకు తెలుసు."

అది నిజం. ముక్కల్లోంచి దిగిన పొటాషియం నీళ్ళలోనే ఉంటుందని తెలియనంత చదువు కాదు నాది. అడిగితే వద్దంటారని డాక్టరుగారిని అడగలేదు, అంతే. ఆ చారు పోతే నాకు మిగిలేది ఏమీ లేదు.

మర్నాటి నుంచి నేను ముక్కలు ఉడికించే వేళకు పిన్నిగారు వచ్చేవారు. నిండు గిన్నె వంచే బలం నా మణికట్టుకు లేదని ఎప్పుడు గమనించారో, మసిగుడ్డలు అందుకుని, మూత అడ్డం పెట్టి ఆవిడే వంచేవారు. "మా అమ్మ అన్నం వార్చేదండీ. ఇదీ అంతే, కూర వార్చడం" అన్నారు. ఆ నీళ్ళు నా కళ్ళ ముందు ఉంచేవారు కాదు. చల్లార్చి పెరట్లో కొబ్బరిచెట్టుకు పోసి, "సారవంతా ఇది తాగేసి బోండాలు కాస్తది. మీరా తాగరు. మళ్ళీ నేనే తాగాలి, నా ఖర్మ" అని నవ్వేవారు.

మూడు వారాలకు పొటాషియం కొంచెం దిగింది. మామూలు స్థాయికి రాలేదు. "మిషను మాట ఇప్పటికి వద్దు. ఇలాగే కానివ్వండి" అన్నారు డాక్టరుగారు. ఎన్నాళ్ళని అడిగాను. చేయగలిగినన్నాళ్ళు, అన్నారు.

సంతోషించాలని తెలుసు. ఇంటికి వచ్చి వంటింట్లో స్టూలు మీద కూర్చుండిపోయాను. పదకొండు దాటింది. గట్టు మీద ఆనపకాయ పొద్దున్న పెట్టినచోటే ఉంది. పెరటి గుమ్మంలోంచి పిన్నిగారు తొంగి చూశారు.

"తగ్గిందాండీ?"

"కాస్త."

"మరింకేంటండీ! అలా కూర్చున్నారేం?"

"మళ్ళీ చెక్కు తీయాలి కదండీ."

"ఆయ్, తియ్యాలి మరి," అన్నారు ఆవిడ. "తియ్యండి. వార్చేటప్పుడు కేకెయ్యండి."

స్టూలు దిగి, కత్తిపీట ముందుకు లాక్కున్నాను.