బీరువాల పచ్చ లైటు

మేడ మీద మా యారాలు "పిల్లలూ, అందరికి వినబడుతుందా?" అని అడుగుతుంటె, కింద వంటింట్ల ఉల్లిగడ్డ కోస్తున్న నాకు కండ్ల నీళ్లు కారేటియి. ఉల్లిగడ్డ ఘాటని అత్తమ్మతోని చెప్పేదాన్ని. అబద్ధం. అవి కుళ్లుకు వచ్చిన నీళ్లు.

దబీర్‌పురల మాది పాలమ్ముకునే ఇల్లు. ముందు అర్రల దుకాణం, ఎనక నేను, మా ఆయన, అత్తమ్మ. పైన మరిది, ఆయన భార్య, అంటె మా యారాలు. నేను పెద్దకోడలిని. ఎనక గల్లీల ఉన్న చిన్న బడిల పదకొండేండ్లు తెలుగు చెప్పిన. బడి మూతబడ్డంక ఇంట్లనే ఉన్న. మా యారాలైతె ఇంటర్ చదివింది గానీ ఒక్క రోజు సుత పిల్లల ముందర నిలబడి ఎరగదు. అసొంటిది షోలాపూర్ల, సూరత్‌ల ఉండే మన తెలుగోళ్ల పిల్లలకు ఫోన్ల తెలుగు నేర్పే పని సంపాయించింది. అది సుత ఎవరి నెట్టుతోని? నా నెట్టుతోని. గప్పుడు ఇల్లు మొత్తానికి ఒకటే కనెక్షన్, అది మా అర్రల ఉండె.

ఆమెకు పని దొరికిన్నాటి నుంచి అత్తమ్మ దుకాణానికి వచ్చినోళ్లందరికి "మా చిన్నకోడలు టీచరు" అని చెప్పుడు మొదలువెట్టింది. పాలకు వచ్చినోళ్లకు, పెరుగుకు వచ్చినోళ్లకు, దారి అడగనీకె ఆగినోళ్లకు సుత. నేను పదకొండేండ్లు బడికి పోయిన. ఒక్కనాడన్న నన్ను టీచరన్నదా? "పెద్దది బడికి పోతది" అనేది, గంతే. ఆ మాట నేను ఇప్పటికీ మరువలే.

మా ఇంట్ల ఒక అలవాటున్నది. విలువైనది ఏదొచ్చినా బీరువాలకు పోవాల్సిందే. పట్టుచీరలు, పాస్‌బుక్కులు, కొత్త మిక్సీ, ఆఖరికి కాజూ డబ్బ సుత. ఒకనాడు పొద్దుగాల గూట్లె ఉన్న నెట్టు డబ్బను తీసి నేను బీరువాల పెట్టిన. దుమ్ము పడుతుందని మా ఆయనకు చెప్పిన. మా ఇంట్ల గది వింత కాదు కాబట్టి ఆయన తల ఊపి పాలకు పోయిండు. వైర్లు అడ్డం వచ్చి తలుపు పూర్తిగ పడకపోతే, పాత చున్నీతోని పిడికి కట్టేసిన. తలుపు సందులకెళ్లి డబ్బ మీది పచ్చ లైటు మినుకు మినుకుమంటుండె. మేడ మీదికి నెట్టు పోవద్దు, గదే నా ఉద్దేశం.

పోలే. పొద్దుమూకంగ యారాలు దిగి వచ్చింది.

"అక్కా, నెట్టు వస్తలేదు."

"కేబుల్ దిక్కె ఏదో అయినట్టుంది," అన్న నేను, బీరువాకు వీపు ఆనిచ్చి.

ఆమె జరసేపు నిలబడ్డది. "సరే అక్కా," అని పోయింది. నాలుగు రోజులకు మాకు నెట్టిచ్చిన కేబుల్ భాయ్ దగ్గరనే సొంత కనెక్షన్ తీసుకున్నది. ఇగ ఆమె క్లాసులు ఇంకా జోరుగ నడిచినయి.

మా నెట్టు మాత్రం ఆనాటి నుంచి నత్తనడక. అయితే అయింది, నాకేం పనుంది దానితోని అనుకున్న. మూడు నెలలకు నాకే పనివడ్డది. యారాలే వచ్చి చెప్పింది: "అక్కా, మా దాంట్ల ఇంకో టీచరు కావాలంటుండ్రు. నీ పేరు చెప్పిన. శనివారం పదకొండింటికి ఒక క్లాసు చెప్పి చూపెట్టాలె." నా పని నాకు ఆమె చేతుల మీదికెళ్లి రావాల్నా అని మస్తు మండింది. కానీ వద్దనలేకపోయిన. మళ్ల పిల్లలు నన్ను టీచరని పిలుస్తరంటె నాకు ఇంకేం కావాలె?

శుక్రవారం స్పీడు చూసుకుంటె నాలుగు వచ్చింది. మీదికి పోయి ఆమె ఫోన్ల చూస్తె తొంభై. ఒకే కేబుల్ భాయ్, ఒకే స్తంభం, ఒకే ప్లాను. ఇగ నాకు నిద్ర పట్టలే. స్విచ్ ఆపి మళ్ల ఏసిన. ఫోను ఆపి మళ్ల ఏసిన. నా నెట్టు దొంగతనంగ వాడుతుందేమోనని పాస్‌వర్డ్ మార్చిన. దిష్టి తగిలిందని నిమ్మకాయ తిప్పి నాలుగు తొవ్వల కాడ పడేసిన. అందరి మీద కండ్లల్ల నిప్పులు పోసుకునేది నేను, దిష్టి నాకు తగిలిందని నిమ్మకాయ తిప్పేది నేనే. ఇన్ని చేసిన గానీ, మేడకు అడ్డం పెట్టిన బీరువా నాకు సుత అడ్డమేనని నా బుర్రకు తట్టలే. ఫోన్ల గీతలు కనబడుతున్నయి కదా, డబ్బ మంచిగనే ఉన్నదనుకున్న.

శనివారం ఇస్త్రీ చీర కట్టుకొని, ఫోను పచ్చడి జాడీకి ఆనిచ్చి, హాల్ల కూసున్న. అవతల షోలాపూర్ పిల్ల, ఫోన్లనే పక్కకు, నేనెట్ల చెప్తనో చూసే మేడం. "అ అంటే అమ్మ" అని నేను అన్నది ఆ పిల్లకు ఎప్పుడు చేరిందో ఆ దేవునికే తెలవాలె. నా మొఖం నోరు తెరిచి గట్లనే నిలిచిపోయిందంట. పదకొండేండ్ల సర్వీసు గా తెరిచిన నోట్లె పోయింది. మేడం ఫోన్ చేసి చెప్పింది: "రేపు ఇదే టైముకు ఇంకొక్కసారి చూద్దామండి. లైను సరిగ్గా లేకపోతే ఇక మేమేం చేయలేము."

కేబుల్ భాయ్‌ని పిలిచి వాకిట్లనే లొల్లి పెట్టుకున్న. "మీదికి మంచి లైను, కిందికి చెత్త లైనా? చిన్నకోడలంటె అందరికి ముద్దేనా భాయ్?" లొల్లికి మా ఆయన వచ్చిండు, అత్తమ్మ గల్లా విడిచిపెట్టి వచ్చింది, యారాలు మెట్లు దిగింది. భాయ్ శాంతంగ స్తంభం కాడ చూసిండు, కిటికీ కాడ చూసిండు.

"లైన్ తో ఫస్ట్ క్లాస్ హై భాభీ. డబ్బా కిదర్ హై?"

డబ్బ ఏడున్నదని ఆయన అడగంగనే నాకు బీరువా యాదికొచ్చింది. ఆయన వైరు పట్టుకొని పోతుండు, నేను ఎనక పోతున్న, అందరు మా ఎనక. వైరు బీరువాల దూరింది. ఆయన చున్నీ విప్పి తలుపు తెరిచిండు. పట్టుచీరల నడుమ, పాస్‌బుక్కుల మీద, ఏడికి కాలుతున్న డబ్బ. ఆయన నవ్వాపుకోలేకపోయిండు. "ఇనుప బీరువాల పెడితే నెట్టు బయటికెట్ల వస్తది భాభీ?"

"బీరువాల ఎవరు పెట్టిండ్రే?" అన్నది అత్తమ్మ.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డ.

"నేనే అత్తమ్మా," అన్నది మా యారాలు. "దుమ్ము పడుతుందని అక్కకు నేనే చెప్పిన."

అత్తమ్మ "నీకన్న తెలవొద్దా" అని ఆమెను నాలుగు మాటలని పోయింది. చిన్నకోడలిని తిట్టంగ ఇన్నేండ్లల్ల నేను చూసుడు గదే మొదలు. నేను ఎదురుచూసిన రోజు వచ్చింది గానీ, నాకు ఏం మంచిగనిపియ్యలే.

డబ్బ మళ్ల గూట్లెకు ఎక్కింది. ఆదివారం క్లాసు సాఫీగ నడిచింది. షోలాపూర్ పిల్ల "థ్యాంక్యూ టీచర్" అన్నది, మేడం సోమవారం నుంచి రమ్మన్నది. అత్తమ్మకు చెప్పకముందే నేను మెట్లెక్కి పోయిన. యారాలు బట్టలు మడతపెడుతుండె.

"నీకెప్పటి నుంచి తెలుసు?" అని అడిగిన.

"నెట్టు వస్తలేదని నేను వచ్చిన పొద్దే తెలుసక్కా. తలుపు సందులకెళ్లి పచ్చ లైటు కనబడ్డది."

"మరి గప్పుడే ఎందుకు అడగలే? నిన్న భాయ్ రాకముందన్న చెప్పొద్దా?"

ఆమె మడత ఆపలే. "నిన్న నువ్వు గిట్ల పరేషాన్ అవుతవని తెలవదు. ఇంకా బీరువాలనే ఉంచినవని సుత తెలవదు. నేను వేరే తీసుకున్న రోజే బయట పెట్టినవనుకున్న." మడిచిన చీర పక్కన పెట్టింది. "ఆ పొద్దు అడుగుదామనే వచ్చిన. అడిగితె నువ్వు తీసి ఇస్తుంటివి. దాచిపెట్టిన దాన్ని అడిగి తీసుకునుడు నాకు మంచిగనిపియ్యలే అక్కా."

నేను ఆమె పక్కన కూసొని, ఇంకో చీర కొస పట్టుకున్న. ఇద్దరం కలిసి మడతపెట్టినం.