విడదీసి చదివిన మాట

అరవైల మొదట్లో, పులికాట్ ఒడ్డున చేపలు పట్టే మా ఇళ్ళలో ఎస్సెల్సీ పాసైన మొదటి ఆడపిల్లను నేను. టీచరు ట్రైనింగు ఇంటర్వ్యూకి నెల్లూరు వెళ్ళాను. ఇంటర్వ్యూ చేసే ఆవిడ 'ఇర్రెస్పాన్సిబిలిటీ' అని ఇంగ్లీషులో బోర్డు మీద రాసి చదవమన్నారు. 'ఇర్రె...' దగ్గరే నోరు పెగల్లేదు. ఇంటర్వ్యూకి వచ్చి వెనక కూర్చున్న అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

"సరే, ఇంక వెళ్ళమ్మా" అన్నారావిడ.

గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. ఇంటికి పోతే ఉప్పుచేపల గంపే గతి. వెనక్కి తిరిగాను.

"ఒక్కసారి సుద్దముక్క ఇయ్యండమ్మా. విడదీసి చదువుతాను."

మాట మధ్య గీతలు గీశాను. "ముందు 'ఇర్' అంటే లేదని. నడుమ 'రెస్పాన్సిబుల్', బాధ్యత కలిగిన. చివర 'ఇటీ' అంటే తనం. బాధ్యత లేనితనం" అని చెప్పి, మాటంతా ఒక్క గుక్కలో చదివాను.

"మరి ఇందాక ఏమైంది?"

"భయపడినానమ్మా."

సీటు ఇచ్చారు. సిగ్గుపడ్డ చోటే నిలబడి రెండోసారి అడగడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.