అరువు బిడ్డతో పిల్లల సారు దగ్గరికి

మీసాలొచ్చిన మనిషి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లకూడదని ఆ రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ని కాదనుకోండి. ఉప్పల్లో మెట్రో స్తంభాలు ఇంకా లేవని, నాచారం ఫ్యాక్టరీ సైరను విని గడియారం సరిచేసుకునేవాళ్లమని చెబితే ఇప్పుడు మా పిల్లలు నన్ను జాలిగా చూస్తారు. ఆ నాచారంలోనే, ఒక పిండిమర పక్క సందులో, మా పిల్లల సారు ఆసుపత్రి ఉండేది. ఆయన అసలు పేరు బోర్డు మీద ఉన్నా, దాన్ని పలికినవాళ్లను నేను చూడలేదు. మేము తెనాలి వైపు నుంచి వచ్చి ఉప్పల్లో కాపురం పెట్టిన కొత్తలో, కామెర్లతో పడున్న పసివాణ్నైన నన్ను ఆయనే లేపి నిలబెట్టారట. అప్పట్నుంచి నాకు జలుబు చేసినా, కాలు బెణికినా ఆయనే దిక్కు. స్టెతస్కోపు బిళ్లను అరచేతిలో రుద్ది, వెచ్చబడ్డాకే మన ఛాతీ మీద పెట్టే డాక్టర్ని వదిలి ఎవరు పోతారు చెప్పండి?

డిగ్రీ అయిపోయి, నాచారంలోనే ఓ ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో స్టోర్సు గుమాస్తాగా చేరాక కూడా ఈ అలవాటు పోలేదు. "ఏరా, గడ్డం గీసుకుంటూ ఇంకా ఆయన దగ్గరికేనా? నిన్ను చూసి చంటిపిల్లలు జడుసుకుంటారు" అని అమ్మ పోరితే, ఒకసారి లాలాపేట్‌లో పెద్దవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా ముఖం చూడకుండానే మందులు రాసేశాడు. (నా ముఖం అంత చూడదగ్గదని కాదు, అయినా ఓసారి చూడాలి కదా.) మళ్లీ వచ్చి పిల్లల సారు బెంచీ మీదే కూలబడ్డాను. పక్కన పసిపాపను ఒళ్లో వేసుకున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి "నీ బిడ్డేది తమ్మీ?" అని అడిగింది. పెళ్లే కాలేదని చెప్పే ధైర్యం లేక, "వాళ్లమ్మ తీసుకొస్తోంది" అనేశాను. నా వంతు వచ్చేదాకా ఆ మహాతల్లి గేటు వైపే చూస్తూ కూచుంది.

ఆ అవమానంలోంచే నాకో ఉపాయం తట్టింది. మా పక్క వాటాలోకి నల్గొండ వైపు నుంచి ఒక కుటుంబం కొత్తగా దిగింది. ఆ ఇంటి అక్కకు ఆరేళ్ల కొడుకు, బుడ్డోడు. గల్లీ పిల్లలంతా క్రికెట్ ఆడుతుంటే వీడు మాత్రం మెట్ల మీద కూచుని స్కోరు చెప్పేవాడు. "వీనికి మస్తు బద్ధకం తమ్మీ. గింత దూరం ఉరికితె సాలు, ఎత్తుకొమ్మంటడు" అని అక్క వాపోయేది. అలాంటివాడికి మా నాన్న స్కూటరంటే ప్రాణం. మా ఒప్పందం చిన్నదే. వాడు నాతో ఆసుపత్రికి వస్తాడు, ముందు నిలబడి దారి పొడుగునా ఇష్టమొచ్చినట్టు హారన్ కొట్టుకుంటాడు. అక్కకు మాత్రం "అలా తిప్పుకొస్తా" అని చెప్పేవాణ్ని.

మొదటిసారి మేమిద్దరం లోపలికి వెళ్లగానే సారు కళ్లద్దాల మీదుగా చూసి, "ఎవలికి బాగలేదు?" అన్నారు. నేను బుడ్డోడి వైపు వేలు చూపించి, ఖళ్లున దగ్గాను. ఆయన నవ్వలేదు. బుడ్డోణ్ని బల్ల మీద కూచోబెట్టి, నాలుక చూసి, కడుపు నొక్కి, వాళ్ల బడి సంగతులు అడిగి, "నువ్వు మంచిగున్నవ్. దిగు" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "ఇగ నువ్వెక్కు" అన్నారు. మందు రాసేటప్పుడు "బిళ్లలా, టానిక్కా?" అని అడిగితే, నేను తలొంచుకుని "టానిక్కే" అన్నాను. (నారింజ రుచిది ఉండేది. ఇప్పుడు దొరకడం లేదు.)

రెండోసారీ అంతే. మూడోసారి వాన తుంపర్లలో తడుస్తూ వెళ్లాం. దారిలో స్కూటరు మొరాయిస్తే కాస్త దూరం నెట్టుకుంటూ నడిచాం, బుడ్డోడు ఆయాసపడుతూనే బల్లెక్కాడు. ఆ ఆయాసం చూసి సారు, బిళ్లను ఎప్పట్లాగే అరచేతిలో వెచ్చచేసి, మొదటిసారి వాడి ఛాతీ మీద పెట్టారు. వెంటనే తియ్యలేదు. వీపు మీద పెట్టారు, మళ్లీ ముందుకు తెచ్చారు, ఫ్యాను ఆపించారు. నేను దగ్గడం మర్చిపోయాను. చివరికి ఆయన మెల్లగా, "గుండెల సప్పుడు జర వేరేగ ఇనవడ్తుంది బిడ్డా. గీ పోరడు ఎవల కొడుకు?" అన్నారు. జరిగిందంతా చెప్పేశాను. అక్కకు ఏ ముఖంతో చెప్పాలో తెలియడం లేదన్నాను. "మీవాడి గుండె బాగోలేదట, నాకు దగ్గొస్తే తెలిసింది" అని ఏ తల్లితో అనగలం?

ఆయన బయట కూచున్నవాళ్లతో "ఇప్పుడే వస్త" అని చెప్పి, అదృష్టం కొద్దీ స్టార్టయిన మా స్కూటరు వెనక ఎక్కారు. వెనక డాక్టరు, మధ్యలో నేను, ముందు బుడ్డోడు. వాడు ఉప్పల్ దాకా హారన్ మీద చెయ్యి తియ్యలేదు. అందరూ తిరిగి చూస్తుంటే నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. సారు మా పక్క వాటా గడపలో కూచుని, "పోరగాన్ని ఒకపారి తోల్కరమ్మని నేనే జెప్పినమ్మా ఈ పిలగానికి" అని నా తప్పు తన మీద వేసుకున్నారు. "గుండెల చిన్న రంధ్రమున్నట్టుంది. గందుకే పిల్లగాడు ఉరుకలేడు, బద్ధకం గాదు. బాగయ్యేదే, ఫికర్ జెయ్యకు." అక్క కొంగు నోట్లో కుక్కుకుని, "బద్ధకమని కొట్టిన సారూ" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పెద్ద దవాఖానాలో ఆపరేషనైంది. తలుపు బయట బెంచీ మీద అక్క పక్కన నేనూ కూచున్నాను, చూపులన్నీ ఆ తలుపు మీదే. సారు తన ఆసుపత్రి మూసేసి మరీ వచ్చి మాతో కూచున్నారు. బుడ్డోడు బతికి బట్టకట్టాడు. కొన్నాళ్లకు గల్లీలో వాడే ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. ఒకసారి నాకు జ్వరమొచ్చి "రారా, హారన్ కొట్టుకుందువు" అని పిలిస్తే, "నేను రాను పో, నాకు బ్యాటింగున్నది" అన్నాడు. ఇక చేసేది లేక, సిగ్గు విడిచి ఒక్కణ్నే వెళ్లడం మొదలుపెట్టాను. నా పెళ్లయ్యేదాకా వెళ్లాను. (మా ఆవిడకు ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది.)

తెలంగాణ వచ్చిన ఏడు సారు పోయారు. ఆయన్ని తలుచుకోవడానికి కాలనీ కమ్యూనిటీ హాల్లో అందరూ కలుస్తున్నారని తెలిసి, చొక్కా తొడుక్కుని కూడా గుమ్మం దాటలేక నిలబడ్డాను. అంత పెద్దవాణ్ని నలుగురి ముందూ ఏడిస్తే ఏం బావుంటుంది? అంతలో బయట హారన్ మోగింది, ఆగకుండా మోగుతూనే ఉంది. బుడ్డోడు, బండి మీద. వాడికీ మీసం మొలుస్తోంది.

"దా అన్నా, పోదాం."

"నువ్వెందుకురా, నీకు పరీక్షలు కదా?"

"నువ్వొక్కనివే పోనీకి సిగ్గువడ్తవ్ గదా," అన్నాడు.

వెనక కూచుని వాడి భుజం పట్టుకున్నాను. హాలు నిండా జనం, సగం మంది మీసాలవాళ్లే. గుమ్మంలో పూలు పంచుతున్న ఒక పెద్దావిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దర్ల సారు దగ్గర సూపెట్టుకున్నది ఎవలు బిడ్డా?" అని అడిగింది. అలవాటు కొద్దీ నా వేలు బుడ్డోడి వైపు లేచింది. వాడు నవ్వుతూ నా వేలు పట్టుకుని నావైపే తిప్పాడు.

"నేనేనమ్మా," అన్నాను. అని, అందరి ముందూ హాయిగా ఏడ్చాను.