ఐదింటి బస్సులో ఎవరూ లేరట

పొద్దున ఆరు కొట్టేలోపు పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి వెనక గేటు దగ్గర మిషన్ మీద బొటనవేలు పెట్టాలి. పచ్చ లైటు వెలిగితే పనిలో ఉన్నట్టు. ఎర్ర లైటు వెలిగితే ఆలస్యమైనట్టు. నెలలో మూడు ఎర్ర లైట్లు పడితే కాంట్రాక్టరు ఆ వేలిముద్రను మిషన్‌లోంచి తీసేస్తాడు. అంటే ఉద్యోగం పోయినట్టే. బహదూర్‌పురాలో మా వెనక గల్లీలో ఉండే రాజమణత్త పదకొండేళ్లు ఒక్క ఎర్ర లైటు కూడా పడకుండా అక్కడ పనిచేసింది.

యాభై మూడేళ్ల మనిషి. పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం గల్లీ చివరిదాకా వినపడుతుంది. భర్త ప్రకాశం మామ రంగులు వేస్తూ పరంజా మీంచి పడ్డప్పటి నుంచి మంచం దిగడం లేదు. ఇల్లు ఆమె వేలి మీదే నడిచేది. ఆపరేషన్ థియేటర్ల ముందు వరండా ఊడ్చి తుడవడం ఆమె పని. పెద్ద డాక్టర్లు వచ్చే వేళకు నేల మీద ఒక్క రక్తపు చుక్క కనిపించకూడదు. రాత్రంతా ఎన్ని చుక్కలు పడ్డాయో వాళ్లకు అక్కర్లేదు.

ఆరింటికి అక్కడ ఉండాలంటే ఒక్కటే దారి: మా చౌరస్తాలో ఐదూ ఐదుకు కదిలే బస్సు. అందులో ఎక్కేవాళ్లంతా దాదాపు ఆడవాళ్లే. ఆసుపత్రుల్లో ఆయాలు, ఆఫీసులు తుడిచేవాళ్లు, హాస్టళ్లలో వంటవాళ్లు. హాస్టల్లో ఇడ్లీలు వేసే మహేశ్వరి ఫ్లాస్కులో చాయ్ తెచ్చేది. వీళ్లు వెళ్లి తలుపులు తీసి, తుడిచి, పొయ్యి వెలిగిస్తేనే అవతలి హైదరాబాద్ నిద్ర లేచేది. ఈ సంగతి అవతలి హైదరాబాద్‌కు తెలియదు. తెలిసినా పట్టించుకుంటుందన్న భ్రమ నాకు లేదు.

ఆ బస్సు కండక్టరు శివయ్య. రిటైరవడానికి దగ్గర పడ్డ మనిషి. రెండు మోకాళ్లూ వాచిపోయి ఉంటాయి. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం అయ్యాక ఆయన పని తగ్గాల్సింది పోయి పెరిగింది. ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూడాలి, మిషన్ నొక్కాలి, సున్నా రూపాయల టికెట్ చింపి ఇవ్వాలి. గుంతల్లో ఊగే బస్సులో, గుడ్డి లైటులో, ఆ మోకాళ్లతో.

"ఆధార్ తియ్యుండ్రమ్మా, ఆధార్ తియ్యుండ్రి" అంటూ ఒకనాడు ఆయన రాడ్డు పట్టుకొని తూలబోయాడు. రాజమణత్త రెక్క పట్టి ఆపింది.

"ఏ శివన్నా, రోజు జూసే మొహాలే గదా. మళ్ల కార్డులేంది?"

"మిషన్ల కొట్టాలె అక్కా. సున్నా టికెట్టు ఇయ్యాలె. రూలు."

"పైసలే లేని దానికి కాగితమేంది? మేం తీస్కుంటం, దిగంగనే పారేస్తం. గా కాగితాలు ఊడ్శేది మళ్ల మా అసొంటి ఆడోళ్లే. నువ్వు కూసో. మోకాళ్లు జూస్కున్నవా? గుమ్మడికాయలైనయి."

బస్సంతా నవ్వింది. మహేశ్వరి ఆయన చేతిలో చాయ్ పెట్టింది. శివయ్య కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఐదింటి బస్సులో ఆడవాళ్లెవరూ టికెట్ తీసుకోలేదు. మగవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటే వాళ్లకు మాత్రమే మిషన్ నొక్కేవాడు. ఆ వేళకు చెకింగ్ వాళ్లు ఎప్పుడూ రాలేదు, నిద్రలు పాడు చేసుకొని ఎవరొస్తారు? ఏడాదిన్నర ఇట్లాగే సాగింది. ఒక మనిషి మోకాళ్ల మీద జాలి పడి, తమ లెక్కను తామే చెరిపేసుకున్నారు. చీపురు పట్టుకొని బతికేవాళ్లకు కాగితం అంటే చెత్తే. ఆ చెత్తనే సాక్ష్యం అంటారని వాళ్లకెట్లా తెలుస్తుంది?

అప్పుడు దిగింది మా పాతబస్తీని బాగు చేసే కన్సల్టెంట్ కంపెనీ. సమగ్ర రవాణా ప్రణాళిక అట. చౌరస్తాలో పెద్ద బోర్డు పెట్టారు. దాని మీద అద్దాల స్టేషన్లు, పచ్చని చెట్లు, చేతిలో కాఫీ కప్పులతో తెల్లతోలు మనుషులు. బోర్డు కింద డ్రైనేజీ పొంగి నెల రోజులైంది. నల్లనీళ్లలో కాలు పెట్టకుండా ఆ బోర్డు చదవలేం.

వాహనాలు లెక్కపెట్టడానికి కాలేజీ మధ్యలో మానేసిన మాలాంటివాళ్లను పది మందిని పెట్టుకున్నారు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. ఐదింటి బస్సును కూడా లెక్కపెట్టాలి కదా అని సూపర్‌వైజర్‌ను అడిగాను.

"పీక్ అవర్ కాదు భాయ్. అప్పుడు ఎవరుంటారు? ఛోడ్ దో" అన్నాడు.

మిగతా వేళల సంగతి టికెట్ మిషన్లే చెబుతాయట. చెప్పాయి. నెల తిరగకుండా బస్ షెల్టర్ గోడకు కాగితం అంటించారు. ప్రయాణికుల ఆదరణ లేని ట్రిప్పులను ఒకటో తారీఖు నుంచి హేతుబద్ధీకరిస్తారట. రద్దు చేస్తారని రాయడానికి సిగ్గుపడేవాడు ఇలాంటి మాట వెతుక్కుంటాడు. జాబితాలో మొదటిది ఐదింటి బస్సు. ఇక తొలి బస్సు ఆరూ పదికి.

ఒకటో తారీఖున ముప్పై నలుగురు ఆడవాళ్లు చౌరస్తాలో నిలబడి చీకట్లోకి చూశారు. ఆటోలు రెండే దొరికాయి, కొట్టుకున్నంత పనైంది. రాజమణత్త ఆరూ పదకొండుకు చేరింది. ఎర్ర లైటు. నాలుగు రోజుల తర్వాత ఇంకొకటి. ఇక ఒక్కటే మిగిలింది.

ఆ మధ్యాహ్నం డ్యూటీ బట్టలతోనే డిపోకు వెళ్లింది. కాగితం రాసిపెట్టడానికి నన్ను వెంట తీసుకుపోయింది. అక్కడి అధికారి కాగితం ముట్టుకోలేదు. కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు.

"చూడమ్మా, మీ బస్సు. ఏడాదిన్నర రికార్డు. సగటున ముగ్గురు."

"ముగ్గురేంది సార్? ముప్పై నాలుగు మందిమి. నిలవడి పోతుంటిమి!"

"మరి టికెట్లేవి?"

రాజమణత్త ఒకసారి తెర వంక, ఒకసారి నా వంక చూసింది. ఆమెకు అర్థమైంది, నాకూ అర్థమైంది. నిజం చెబితే శివయ్య మీద చార్జ్‌షీటు పడుతుంది. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలల ముందు సస్పెన్షన్. బయటికి వచ్చి, పంపు దగ్గర మొహం కడుక్కుంది.

గల్లీలో ఎల్లమ్మ అందరి ముందే అంది. ఆమె ఒక బ్యాంకు ఆఫీసు తుడుస్తుంది, అదే బస్సు.

"నీ నోరే మింగింది బస్సును. పెద్ద దొరసాని, కాగితమెందుకని! ఇప్పుడు జెప్పు పొయ్యి, ఆయనే ఇయ్యలేదని."

"నేనొద్దంటే ఇయ్యలేదే. ఆయన తప్పేంది?"

"తప్పు నీదే ఉండనీ. ఉద్యోగాలు అందరియి."

ఆ ఆదివారం శివయ్యే కుంటుకుంటూ వచ్చాడు. గడప మీద కూర్చొని చెప్పాడు. "నేనే రాసిస్త అక్కా. టికెట్లు కొట్టలేదని ఒప్పుకుంట. బస్సన్న వస్తది."

"వస్తదని ఎవడు జెప్పిండు? నీ పింఛను పోతది, బస్సు రాదు. రెండూ పోతయి. నోరు మూస్కొని కూసో" అని కసిరి, చర్చి నుంచి తెచ్చిన కేకు ముక్క ఆయన చేతిలో పెట్టింది.

ఆ వారమే మొఘల్‌పురాలోని ఒక ఫంక్షన్ హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ. ఏసీ, పూల గుత్తులు, సమోసా పొట్లాలు. కంపెనీ తరఫున మాట్లాడింది రాహుల్. మా చౌరస్తాలో టోకు పప్పుల కొట్టు నడిపిన వైకుంఠం సేటు మనవడే. ఆ ఇంటివాళ్లు పదేళ్ల కిందే అవతలి హైదరాబాద్‌కు మారిపోయారు. "నేనూ ఓల్డ్ సిటీ పిల్లగాణ్నే" అని మొదలుపెట్టాడు. తాత కొట్టు ముందు ఒక్క పొద్దునైనా బస్సు కోసం నిలబడ్డ మొహం కాదది. తెర మీద రంగురంగుల గీతలు ఆడించాడు. మేం లెక్కపెట్టిన అంకెలు కూడా వాటిలో ఉన్నాయి.

రాజమణత్త లేచింది. మైకు ఇచ్చేదాకా కూడా ఆగలేదు.

"ఐదింటి బస్సు మళ్ల ఎయ్యాలె సార్. ముప్పై నాలుగు మందిమి పోతం దాంట్ల."

ఎవరో ఆమె చేతిలో మైకు పెట్టారు. రాహుల్ చిరునవ్వు నవ్వాడు. "అమ్మా, సిస్టంలో ముగ్గురనే ఉంది. మీరు ముప్పై నాలుగు అంటున్నారు. అంటే కండక్టర్ టికెట్లు ఇవ్వలేదంటారా? అలాగైతే చెప్పండి, యాక్షన్ తీసుకుంటారు. డిపో సార్ ఇక్కడే ఉన్నారు."

ముందు వరుసలో డిపో అధికారి పెన్ను మూత తీశాడు.

ఎల్లమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. "చెప్పవే! చెప్పు!"

వెనక గోడకు ఆనుకొని శివయ్య నిలబడి ఉన్నాడు. చెయ్యి ఎత్తబోతున్నాడు. రాజమణత్త అటు చూసి, గబగబా అనేసింది.

"లేదు సార్. నేనే ఎక్కువ జెప్పిన. గంత మంది ఉండరు."

"మరి ఎంతమంది ఉంటారమ్మా?"

"మిషన్ల ఎంతుంటే గంతే. ముగ్గురే."

"థాంక్యూ అమ్మా" అన్నాడు రాహుల్. ఎవరో ఫోటో తీశారు. మైకు పక్కవాళ్ల దగ్గరికి పోయింది. అంతే, ఒక్క నిమిషం కూడా పట్టలేదు. గేటు దగ్గర ఎల్లమ్మ ఆమె చెప్పుల ముందు ఉమ్మేసి పోయింది.

తర్వాతి వారం రాజమణత్త నాలుగున్నరకే ఇంట్లోంచి బయలుదేరింది. కూరగాయల ట్రాలీ ఎక్కి అఫ్జల్‌గంజ్ దాకా, అక్కడి నుంచి ఆటో కోసం చూసి, దొరక్క నడిచి, పరుగెత్తి, మళ్లీ ఎవరో బండి ఆపితే ఎక్కి, ఆరూ నాలుగుకు చేరింది. నాలుగు నిమిషాలు. ఎర్ర లైటు. సూపర్‌వైజర్ మిషన్‌లో ఏవో నొక్కి, ఇంకోసారి వేలు పెట్టమన్నాడట. పేరు తీసేయడానికి కూడా ఆ మనిషి వేలే కావాలట వాళ్లకు. పెట్టింది.

ఇప్పుడు మొఘల్‌పురాలోని ఒక షాదీఖానాలో గిన్నెలు తోముతుంది. రోజూ నడిచే పోతుంది. పెళ్లిళ్లు లేని నెలల్లో పని లేదు.

మొన్న మా లెక్కలవాళ్ల వాట్సాప్ గ్రూపులోకి కంపెనీ రిపోర్టు వచ్చింది. రెండు వందల పేజీలు, నున్నటి అక్షరాలు. నూట పదహారో పేజీలో రాజమణత్త ఫోటో ఉంది, మైకు పట్టుకొని. కింద ఇలా రాశారు: తెల్లవారుజామున బస్సుకు డిమాండ్ లేదని స్థానిక మహిళా ప్రయాణికులే స్వయంగా ధ్రువీకరించారు. ఇంత నీచమైన వాక్యం నేనింతవరకు చదవలేదు. అందులో ఒక్క అబద్ధం కూడా లేకపోవడం ఇంకా నీచం.

షాదీఖానా వెనక ఆమెకు చూపించాను. మసి చేతులు కొంగుకు తుడుచుకొని ఫోన్ దగ్గరికి పెట్టుకొని చూసింది. చదివి వినిపించాను.

"శివన్నకు ఇంక ఎన్ని నెలలున్నయిరా?"

"పదకొండు."

"గయి ఎల్లనీ. అప్పుడు పొయ్యి చెప్త ఆ పప్పులోళ్ల పోరగానికి. ముప్పై నాలుగు మంది పేర్లు చెప్త, ఇండ్లు గూడ చెప్త. అప్పటిదాంక ముగ్గురమే."

"అప్పటికి ఆ కంపెనీ ఉండదత్తా. మార్చిల మూటముల్లె సర్దుకొని ఇంకో ఊరును బాగు చెయ్యబోతది."

నా మొహంలోకి చూసింది. ఇంకేదో అంటుందనుకున్నాను.

"అయితే గీ దేగ్ పట్టురా ఇట్ల. ఊకె నిలవడితె ఏమొస్తది? ఒక్కదాన్తోని వంగుతలేదు."

ఇద్దరం చెరో పక్క పట్టి ఆ పెద్ద వంట గిన్నెను వంచాం. బిర్యానీ నూనె తేలిన నీళ్లు మా కాళ్ల మీదుగా పారి, మోరీలో దిగక అక్కడే నిలిచిపోయాయి.