చందమామకీ అమ్మోరు పోసింది

చింతపండుతో ఇత్తడి తోమే వాసన వస్తే పాడేరు దగ్గరి మా కొండ ఊరు గుర్తొస్తుంది. మన్యంలో తెల్లదొరల మీద లేచిన పితూరీ అణిగిన మరుసటేడు మా బడి మాస్టారు విశాఖ రేవులో ఒక ఇత్తడి దుర్భిణి కొన్నారు. దాన్ని తళతళలాడేలా తోమి, పొద్దుగూకగానే బడి ముంగిట కర్రలకు కట్టి, పిల్లలకు చందమామను చూపించారు. పెద్దవాళ్లూ వచ్చారు.

అంతకు ముందే నాకు అమ్మోరు పోసి ముఖమంతా గుంతలు పడ్డాయి. ముఖానికి గుడ్డ కప్పనిదే అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు. నా వంతు వచ్చాక ఆ గుడ్డ కంటికి అడ్డం పడుతుంటే లాగేశాను.

"కప్పుకోయే గుంటా, అందరూ సూత్తన్నారు!" అని అమ్మ కసిరింది.

నేను కదల్లేదు. దుర్భిణిలో తెల్లగా వెలిగిపోతున్న చందమామ ముఖం నిండా గుంతలే!

"సందమామకీ అమ్మోరు పోసిందే అమ్మా! ఆడేటి, గుడ్డ కప్పుకున్నాడా? నానూ కప్పుకోను!" అని అరిచాను.

పిల్లలు పకపకా నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "ఇంకాసేపు చూడమ్మా" అన్నారు. అమ్మ గుడ్డ అందించింది. నేను చెయ్యి చాపలేదు.

చందమామకు పోసింది అమ్మోరు కాదని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికే ఈ ముఖంతోనే సంతలన్నీ తిరిగి, మనువాడి, అదే బడిలో పాఠాలు చెబుతున్నాను.